తోక లేని గాలిపటం

గాలిపటం గాలి కన్నా బరువైన వస్తువు. దాన్ని పైకి లేపేది గాలి, గాలికి ఎదురుగా నిలిపేది దారం. దారం తెగిన మరుక్షణం పటం పట్టు తప్పి కొట్టుకుపోతుంది. కాగితం, పుల్ల, దారం, ఈ మూడింటి మధ్య తూకం కుదిరినప్పుడే అది నిలకడగా ఎగురుతుంది. ఆ తూకాన్ని తోక సాయం లేకుండా సాధించడం మన దేశపు పతంగి ప్రత్యేకత.

చరిత్ర

గాలిపటం చైనాలో పుట్టిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పొరుగున ఉన్న కొరియాలో దీని ప్రస్తావన 647 నాటి కథలో కనిపిస్తుంది. సిల్లా రాజ్యంలో తిరుగుబాటు రేగినప్పుడు ఒక నక్షత్రం రాలింది. అది అపశకునమని సైన్యం జంకింది. సేనాని కిమ్ యు-సిన్ ఒక బొమ్మకు నిప్పంటించి, గాలిపటానికి కట్టి రాత్రివేళ ఎగరేయించాడు. రాలిన నక్షత్రం తిరిగి ఆకాశానికి చేరిందని ప్రచారం చేయించి సైనికుల్లో ధైర్యం నింపాడు. 1145లో పూర్తయిన 'సంగుక్ సాగి' అనే చరిత్ర గ్రంథంలో ఈ కథ ఉంది.

మన దేశంలో మరాఠీ భక్తకవి నామదేవుడి (1270–1350) పదాల్లో గాలిపటం కనిపిస్తుంది. కాగితం కత్తిరించి పటం చేసిన పిల్లవాడు స్నేహితులతో మాట్లాడుతున్నా మనసు దారం మీదే ఉంచుతాడని, భక్తుడి ధ్యాస అలా ఉండాలని ఆయన చెప్పాడు. మొగలుల కాలపు సూక్ష్మచిత్రాల్లో గాలిపటాలు ఎగరేస్తున్న స్త్రీలు, పురుషులు కనిపిస్తారు.

తెలుగునాట పతంగుల తయారీకి పేరుపడ్డ చోటు హైదరాబాద్ పాతబస్తీ అంచునున్న ధూల్‌పేట. అక్కడ ఇది ఇంటిల్లిపాదీ చేసే కుటీర పరిశ్రమ. సంక్రాంతికి నెలల ముందే పని మొదలవుతుంది. కోస్తా పల్లెల్లో పిల్లల గాలిపటం వేరు. పాత వార్తాపత్రిక, కొబ్బరి చీపురు ఈనెలు, జిగురుకు బదులు అన్నం మెతుకులు ఉంటే చాలు. కొబ్బరితోటలు నిండిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట ఈనెలకు కొదవే లేదు. ఈ పటానికి మాత్రం గుడ్డపీలికల తోక ఉండి తీరాలి.

తయారీ

పతంగికి పల్చని కాగితాన్ని చతురస్రంగా కోసి, ఒక మూల పైకి వచ్చేలా పెడతారు. పై మూల నుంచి కింది మూలకు ఒక నిలువు పుల్ల అంటిస్తారు. ఇది గట్టిగా, తిన్నగా ఉండాలి. రెండో పుల్లను విల్లులా వంచి రెండు పక్క మూలలకు బిగిస్తారు. దీన్ని కమాను అంటారు. పనితనమంతా ఈ కమానులోనే ఉంది. వెదురును చీల్చి, నడుమ కాస్త మందంగా, చివరలకు పోయేకొద్దీ సన్నంగా చెక్కుతారు. రెండు వైపులా ఒకే తీరుగా వంగకపోతే పటం ఒక పక్కకే లాగుతుంది. మంచి పటానికి అంచు వెంట దారం పెట్టి, కాగితం మడిచి అంటిస్తారు. అలా చేస్తే గాలికి అంచు చిరగదు.

చివరిగా సూత్రం కడతారు. పుల్లలు కలిసే చోట ఒక ముడి, నిలువు పుల్ల కింది భాగంలో మరో ముడి వేసి, రెండు పోగులనూ ముందువైపు కలుపుతారు. ఎగరేసే దారం ఆ కలిసిన చోట ముడిపడుతుంది. పటం గాలికి ఏ కోణంలో వాలాలో నిర్ణయించేది ఈ సూత్రమే. పై పోగు పొట్టిదైతే పటం పడుకున్నట్టు వాలి గాలి తాకిడి తగ్గుతుంది. పొడుగైతే ఏటవాలు పెరిగి తాకిడి ఎక్కువవుతుంది.

ఎగిరే తీరు

ఏటవాలుగా నిలిచిన పటం గాలిని కిందికి మళ్లిస్తుంది. గాలి పటాన్ని పైకి, వెనక్కి నెడుతుంది. ఈ నెట్టుడు, పటం బరువు, దారం లాగుడు సరితూగినప్పుడు పటం ఆకాశంలో నిలుస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 15 న్యూటన్ల ఒత్తిడి కలిగిస్తుంది. పావు చదరపు మీటరు పటం మీద అది దాదాపు 400 గ్రాముల బరువుతో సమానం. పటం బరువు అందులో చిన్న భాగమే. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

కొబ్బరి ఈనెల పటం ఊగిపోకుండా, తలకిందులు కాకుండా తోక కింది కొసను పట్టి లాగుతుంది. పతంగిలో ఆ పని కమాను చేస్తుంది. దారం బిగించి లాగినప్పుడు కమాను చివరలు వెనక్కి వంగుతాయి. పటం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకు గాలి ఎక్కువ తగిలి మళ్లీ సరిచేస్తుంది. అప్పుడది ముక్కు ఎటు ఉంటే అటు తిన్నగా దూసుకుపోతుంది. దారం వదిలితే కమాను చదునై, నిలకడ పోయి పటం గిరగిరా తిరుగుతుంది. ముక్కు కావలసిన దిక్కుకు రాగానే మళ్లీ లాగాలి. ఒకే దారంతో పటాన్ని నడిపించే కిటుకు ఇదే. రెక్కల చివరలు పైకి లేచి ఉండే విమానాలు కూడా పక్కకు ఒరిగినప్పుడు ఇలాంటి అమరిక వల్లే సర్దుకుంటాయి.

కొరియన్లు ఇదే సమస్యకు మరో దారి కనిపెట్టారు. వాళ్ల బాంగ్‌పే యెన్, అంటే డాలు పటం, దీర్ఘచతురస్రం. వెడల్పు 2 పాళ్లయితే పొడవు 3 పాళ్లు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన హాంజి కాగితాన్ని 5 వెదురు పుల్లల మీద అంటించి, నడుమ గుండ్రని రంధ్రం కోస్తారు. ఈదురుగాలిలో ఒత్తిడి రంధ్రం గుండా తగ్గిపోతుంది కనుక పటం చిరగదు, చేతికి లొంగుతుంది. చాంద్రమాన సంవత్సరపు మొదటి పున్నమినాడు పటం మీద కీడు తొలగాలని రాసి దారం తెంపి వదిలేయడం అక్కడి ఆచారం.

దారం

పందేల దారానికి రెండు దేశాల్లోనూ గాజుపొడి పూస్తారు. మన మాంజాకు నూలు దారాన్ని గుంజల మధ్య సాగదీసి కట్టి, గంజి, రంగు, గాజుపొడి కలిపిన ముద్దను చేత్తో పట్టిస్తూ నడుస్తారు. అది చేతులు కోసే పని. మోయలేనంత బలం పడితే నూలు దారం తెగిపోతుంది. చైనా మాంజాగా పేరుపడ్డ నైలాన్ దారం అంత తేలిగ్గా తెగదు, మట్టిలో కుళ్లదు. చెట్లకు చిక్కుకుని పక్షుల రెక్కలు కోస్తుంది, ద్విచక్ర వాహనదారుల మెడలు కోసి ప్రాణాలు తీసింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. గాలిపటానికి ఆ దారం అవసరం కూడా లేదు. పటాన్ని నిలిపేందుకు, తిప్పేందుకు నూలు దారం బలం సరిపోతుంది.