రొట్టె కోయు కత్తి

అప్పుడే తెచ్చిన మెత్తని రొట్టెను నున్నని అంచుగల కత్తితో కోసి చూడుడు. పైపొర తెగకముందే లోపలి భాగము అణగి ముద్దయగును. పదను లేదని మనము కత్తిని నిందింతుము. కాని పదునైన కత్తియు ఇచ్చట తరచు ఓడిపోవును.

బలమును వైశాల్యముచే భాగించగా వచ్చునదే పీడనము. రంపమువలె పళ్లుగల కత్తిని రొట్టెపై ఉంచినపుడు మొనలు మాత్రమే పొరను తాకును. తాకు వైశాల్యము స్వల్పము గనుక కొద్ది బలమునకే పీడనము హెచ్చి పొర చీలును. ఆపై ముందుకు వెనుకకు లాగినచో, నొక్కవలసిన బలము తగ్గును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. రొట్టెను వంటింటి త్రాసుపై ఉంచి, ఒకసారి కత్తిని నిలువుగా అదిమి, మరొకసారి లాగుచు కోసి, త్రాసు చూపు బరువులను పోల్చవలెను.

జపాను కత్తులకు పేరు వచ్చినది ఉక్కు కాఠిన్యము వలన. (ఆ దేశపు ఉక్కుతో మన ఊరికి చుట్టరికము కలదు. 1960లో కుదిరిన ఒప్పందము ననుసరించి బైలడిల్లా ఇనుప ఖనిజము విశాఖ రేవునుండియే జపానుకు తరలినది.) నూటికి ఒక పాలు వరకు కర్బనముగల ఉక్కును ఎర్రగా కాల్చి వెంటనే చల్లార్చినచో, కర్బన పరమాణువులు వెలికి పోవుటకు వ్యవధి లేక ఇనుప స్ఫటికములలో చిక్కుకొనును. ఈ రూపమే మార్టెన్సైటు. రాక్‌వెల్ సి కొలతపై ఐరోపా వంటకత్తులు సాధారణముగా 54 నుండి 58 వరకు, జపాను కత్తులు 58 నుండి 62 వరకు ఉండును. గట్టిదనముతోపాటు పెళుసుదనమును పెరుగును; ఎముకలకు, గడ్డకట్టిన మాంసమునకు అట్టి కత్తి పనికిరాదు.

రొట్టె కత్తికి మాత్రము ఈ గట్టిదనము చాల విలువైనది. నున్నని కత్తిని ఇంటనే సానరాతిపై నూరుకొందుము. పళ్లున్నదానిని ఒక్కొక్క గాడిలో విడిగా నూరవలెను. వీధిలో సానపట్టువాని చక్రమునకు ఇచ్చితిమా, పళ్లే అరిగిపోవును! కనుక మొదటి పదనే ఏండ్ల తరబడి నిలువవలెను.

విశాఖలో మరొక చిక్కు, ఉప్పుగాలి. ఉక్కులో క్రోమియము 10.5 శాతమునకు మించినచో ఉపరితలమున పలుచని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపును. క్లోరైడు అయానులు ఆ పొరకు తూట్లు పొడుచును. మా ఇంట నిమ్మకాయ కోసిన కర్బనపు ఉక్కు చాకును ఒక రాత్రి కడుగక మరచితిమి. తెల్లవారుసరికి మచ్చలు పడినవి. సముద్రతీరమున నేను స్టెయిన్‌లెస్ ఉక్కునే కోరుదును. దానినైనను కడిగి, తుడిచి, ఆరబెట్టవలెను.

పొడవు 23 సెంటీమీటర్లకు తగ్గినచో పెద్ద రొట్టెను లాగి కోయుట కష్టము. వాడి మొనల పళ్లు పొడిని ఎక్కువగా రాల్చును; అలలవంటి గుండ్రని పళ్లు ముక్కను నున్నగా కోయును. పళ్లను ఒక ప్రక్కనే చెక్కిన కత్తి కోతలో ఒకవైపునకు మళ్లును. ఎడమచేతివాటము గలవారు కొనుటకు ముందు ఆ ప్రక్క ఏదో చూచుకొనవలెను.