రంగులు మారే ఎల్.ఇ.డి. పట్టీ

రంగులు మారే ఎల్.ఇ.డి. పట్టీ అనగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతినిచ్చే డయోడులను వరుసగా అమర్చిన, సులభంగా వంగే సన్నని సర్క్యూట్ పట్టీ. ఈ మూడు రంగుల పాళ్ళను మార్చి మిగిలిన రంగులను రప్పిస్తారు. తెలుగునాట పెళ్ళిళ్ళకు, వినాయకచవితి పందిళ్ళకు, దీపావళికి, క్రిస్మస్‌కు కట్టే సీరియల్ బల్బుల తోరణాల పక్కన ఇవి కూడా కనిపిస్తాయి. ఎర్రని ఎల్.ఇ.డి.ని 1962లోనే నిక్ హోలోన్యాక్ చేసి చూపినా, ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. 1990ల తొలి సంవత్సరాలలో గాని రాలేదు. అందుకు కృషి చేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నీలం లేనిదే ఈ పట్టీ లేదు.

రకాలు

వాడుకలో రెండు ప్రధాన రకాలు కలవు. మొదటి రకంలో పట్టీ అంతా ఒకేసారి ఒకే రంగుకు మారుతుంది. ఇది సాధారణంగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పనిచేస్తుంది. దీనికి నాలుగు తీగలుంటాయి: ఒకటి ధన తీగ, మిగిలిన మూడు ఒక్కొక్క రంగుకు చెందిన ఋణ తీగలు. కంట్రోలర్ ఈ ఋణ తీగలను అతివేగంగా కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. కలిపి ఉంచిన కాలాన్ని బట్టి ఆ రంగు హెచ్చుతుంది లేదా తగ్గుతుంది. దీపాలు మూడేసి చొప్పున శ్రేణిలో ఉంటాయి కనుక పట్టీని గుర్తు వేసిన గీతల మీద మాత్రమే కత్తిరించాలి.

రెండవ రకంలో ప్రతి దీపంలోనూ ఒక చిప్ ఉంటుంది. డబ్ల్యు.ఎస్.2812బి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 5 వోల్టుల ధన, ఋణ తీగలతో పాటు ఒక సమాచార తీగ ఉంటుంది. కంట్రోలర్ ఒక్కో దీపానికి 24 బిట్లు పంపుతుంది. మొదటి దీపం తన వాటా ఉంచుకొని మిగిలినది రెండవదానికి అందిస్తుంది. తరగతిలో ముందు బల్ల విద్యార్థి తన పుస్తకం తీసుకొని కట్టను వెనుకకు అందించినట్లే. సమాచారం ఒకే దిశలో పోతుంది కనుక పట్టీపై బాణం గుర్తు కంట్రోలర్ నుండి అవతలి వైపుకు చూపాలి. తిరగేసి కలిపి, పట్టీ చెడిపోయిందని పొరబడటం మామూలే.

విద్యుత్ లెక్క

మీటరుకు 60 దీపాలుండే 12 వోల్టుల పట్టీ మూడు రంగులూ పూర్తిగా వెలిగినప్పుడు మీటరుకు సుమారు 14.4 వాట్లు తీసుకుంటుంది. 5 మీటర్ల చుట్టకు 72 వాట్లు, అనగా 6 ఆంపియర్లు. సరఫరా పెట్టె ఇంతకంటే కనీసం ఐదవ వంతు ఎక్కువ సామర్థ్యం కలదై ఉండాలి. 100 వాట్లది సరిపోతుంది.

5 వోల్టుల రకంలో ఒక్కో దీపానికి గరిష్ఠంగా సుమారు 60 మిల్లీ ఆంపియర్లు కావాలి. 300 దీపాలకు అది 18 ఆంపియర్లు. 230 వోల్టుల వద్ద 2 కిలోవాట్ల గీజరు తీసుకునేది సుమారు 9 ఆంపియర్లే! తీగను వేడెక్కించేది ప్రవాహం. ఐదు వోల్టులే కదా అని సన్నని తీగ వాడితే దాని తొడుగు కరిగి నిప్పంటుకొనే ప్రమాదం ఉంది.

తీగలో వోల్టేజి కూడా కొంత నష్టమవుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 6 ఆంపియర్లను 3 మీటర్ల దూరం పంపితే, పోను రాను కలిపి సుమారు 0.8 వోల్టులు తగ్గుతాయి. 1.5 తీగ వాడితే నష్టం సగమవుతుంది. 12 వోల్టులలో ఇది అంతగా తెలియదు గాని 5 వోల్టులలో కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. పట్టీలోని రాగి పొర మరీ పలుచన కనుక తెల్లగా మొదలైన కాంతి చివరకు ఎర్రబారుతుంది. ఎరుపు డయోడుకు 2 వోల్టులు చాలగా, నీలం, ఆకుపచ్చలకు సుమారు 3 వోల్టులు కావడమే దీనికి కారణం. పట్టీ రెండు చివరల నుండీ విద్యుత్తునిస్తే ఈ లోపం చాలావరకు పోతుంది. రెండు సరఫరా పెట్టెలు వాడినచో ఋణ తీగలన్నిటినీ కంట్రోలర్ ఋణంతో కలపాలి. ధన తీగలను మాత్రం కలపరాదు.

జాగ్రత్తలు

నేరుగా 230 వోల్టులతో వెలిగే పట్టీలు కూడా అంగళ్ళలో దొరుకుతాయి. చూపుకు ఒకేలా ఉన్నా, వాటి కత్తిరించిన చివరను తాకితే ప్రాణాపాయం. ఇనుప గుంజల పందిళ్ళకు వీటిని కట్టరాదు. సరఫరా పెట్టెకు ఎర్త్ తీగ తప్పనిసరి. ధన తీగ మొదట్లో ఫ్యూజు ఉంచాలి. పట్టీని చుట్టగా ఉంచి ఎక్కువసేపు వెలిగిస్తే వేడి పోయే దారి ఉండదు. ఆరుబయట ఐ.పి.65 లేదా అంతకు మించిన రక్షణ గల పట్టీని వాడుతారు. అయితే కత్తిరించిన చోట ఆ రక్షణ పోతుంది కనుక ఆ చివరను సిలికోన్‌తో తిరిగి మూసివేయాలి.