సరమ అడిగిన ప్రశ్న

మహాభారతం ఆదిపర్వారంభంలో ఒక కుక్కపిల్ల వృత్తాంతం ఉంది. జనమేజయ మహారాజు తమ్ములతో కలసి కురుక్షేత్రంలో దీర్ఘసత్రయాగం చేస్తుండగా, దేవశుని సరమ కుమారుడైన సారమేయుడు ఆ చోటికి వచ్చాడు. రాజు తమ్ములు వాడిని కొట్టి తరిమారు. వాడు ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకున్నాడు. సరమ నేరుగా యాగశాలకు వచ్చి, తన బిడ్డ హవిస్సును కన్నెత్తి చూడలేదనీ, నాలుకతో తాకలేదనీ, ఏ తప్పూ చేయనివాడిని ఎందుకు కొట్టారనీ నిలదీసింది. అక్కడున్నవారెవ్వరూ బదులు పలకలేదు. ఊహించని భయం వచ్చి పడుతుందని ఆమె జనమేజయుని శపించి వెళ్ళిపోయింది. నన్నయ తెనిగించిన నాటి నుండి ఈ ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం.

సరమ అడిగిన ప్రశ్న నేటికీ పాతబడలేదు. ఇంటికి తెచ్చిన రెండు నెలల కుక్కపిల్ల చాప మీద మూత్రం పోస్తుంది, చెప్పులు కొరుకుతుంది, ఆడుతూ ఆడుతూ చేతిని పంటితో పడుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చిన యజమాని ఉదయం చిరిగిన చెప్పును దాని ముఖం ముందు ఆడించి ఒక దెబ్బ వేస్తాడు. పిల్ల చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, చూపు తప్పించుకుంటుంది. 'చూడండి, తప్పు చేసినట్లు దానికే తెలుసు' అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు.

దానికి నిజంగా తెలుసా? అమెరికాలోని బర్నార్డ్ కళాశాలలో పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 పెంపుడు కుక్కలను పరిశీలించి 2009లో ఫలితాలను ప్రకటించారు. యజమాని ఒక తినుబండారాన్ని ముట్టవద్దని కుక్కకు చెప్పి గది విడిచి వెళ్ళాలి. అతడు తిరిగి వచ్చినప్పుడు, జరిగినదానితో నిమిత్తం లేకుండా, కుక్క తిన్నదనో తినలేదనో చెప్పేవారు. కుక్క ముఖంలోని 'దోషి వాలకం' అది తిన్నదా లేదా అన్నదానిని బట్టి మారలేదు. యజమాని మందలించాడా లేదా అన్నదానిని బట్టి మారింది. అంతేకాదు, ఏమీ తినకుండానే తిట్లుపడిన కుక్కలలో ఆ వాలకం మరింత స్పష్టంగా కనిపించింది. మనం పశ్చాత్తాపంగా చదువుకొనేది ఎదుటి మనిషి కోపానికి జంతువు చూపే బెదురు. సారమేయుడు కూడా ఆనాడు అలాగే తోక ముడిచి ఉంటాడు.

కుక్క నేర్చుకొనే తీరు మనం అనుకొనేదానికన్నా సరళమైనది, కచ్చితమైనది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆహారానికి ముందు వినిపించే చప్పుడుకే కుక్క నోరూరుతుందని ఆయన ప్రయోగశాలలో తేలింది. అమెరికాకు చెందిన బి.ఎఫ్. స్కిన్నర్ మరో మెట్టు ఎక్కాడు. ఏ చర్య వెంట మేలు కలుగుతుందో ఆ చర్యను జంతువు మళ్ళీ చేస్తుంది. కానీ ఆ మేలు వెంటనే కలగాలి. 1951లో ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. తిండి అందించేలోపు క్షణాలు గడచిపోతాయి కనుక, 'టిక్' మని మోగే చిన్న ఆటవస్తువు చప్పుడును మొదట తిండితో జతచేయాలి. ఆ తరువాత, కుక్క సరైన పని చేసిన క్షణంలోనే ఆ చప్పుడు వినిపించాలి. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో ప్రచురించిన 'డోన్ట్ షూట్ ద డాగ్' ఈ పద్ధతిని సామాన్య పాఠకులకు చేరువ చేసింది. పేరులో కుక్క ఉన్నా అది కేవలం కుక్కల పుస్తకం కాదు. భార్యాభర్తలు, ఒకే గదిలో ఉండే స్నేహితులు కూడా అందులో ఉదాహరణలే.

అయితే శునక శిక్షణ గ్రంథాలన్నీ ఈ దారిన నడవలేదు. జర్మనీ పోలీసు అధికారి కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకంలో నిర్బంధానికి పెద్ద పీట వేశాడు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాల తోడేళ్ళను గమనించి, అవి పెత్తనం కోసం నిరంతరం పోరాడుతాయని వర్ణించాడు. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ 1970లో రాసిన 'ద వుల్ఫ్' ఈ భావనకు విస్తృత ప్రచారం కల్పించింది. కుక్క తోడేలు సంతతి, తోడేలుకు నాయకుడు కావాలి, కాబట్టి యజమానే ఆ నాయకుడు కావాలి అన్న తర్కం బయలుదేరింది. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠ సన్యాసులు 1978లో వెలువరించిన పుస్తకం, మాట వినని కుక్కను వెల్లకిలా పడవేసి అదిమిపట్టమని సలహా ఇచ్చింది. ఎన్నో ఇళ్ళలో ఎన్నో కుక్కపిల్లలు ఈ సలహా ఫలితాన్ని అనుభవించాయి.

తరువాతి కథ మరింత చదువదగినది. మెక్ 1986 నుండి ప్రతి వేసవిలో కెనడా ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ ద్వీపానికి వెళ్ళి, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను దగ్గరగా పరిశీలించాడు. అక్కడి గుంపు సింహాసనం కోసం కొట్లాడే సైన్యం కాదు. తల్లి, తండ్రి, వారి పిల్లలు కలసిన కుటుంబం. సంబంధం లేని తోడేళ్ళను ఇరుకు ఆవరణలో బంధిస్తే పుట్టిన కలహాన్ని లోకం వాటి సహజగుణమని భ్రమించింది. ఆయన 1999లో ఈ సంగతిని శాస్త్రపత్రికలో ప్రకటించాడు. అంతటితో ఆగక, తన పాత పుస్తకాన్ని ఇక అచ్చువేయవద్దని ప్రచురణకర్తలను పలుమార్లు కోరాడు. 2022లో గాని అది ఆగలేదు. న్యూ స్కీట్ సన్యాసులు కూడా 2002 నాటి కొత్త ముద్రణలో తమ పాత సలహాను ఉపసంహరించుకున్నారు. తమ గ్రంథంలోని తప్పును తామే దిద్దుకొన్న రచయితలు అరుదు. కాని పాత ప్రతులు గ్రంథాలయాల్లోనూ, పాత పుస్తకాల దుకాణాల్లోనూ ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. అందుకే కుక్కల గురించిన పుస్తకం చేతికి వచ్చినప్పుడు ముందుగా ముద్రణ సంవత్సరం చూడాలి.

బలప్రయోగం వల్ల మనుషులకూ ముప్పే. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు ప్రకటించిన సర్వేలో, కొట్టడం, వెల్లకిలా అదమడం వంటి చేష్టలకు కనీసం నాలుగో వంతు కుక్కలు ఎదురు తిరిగి దాడికి దిగినట్లు యజమానులే చెప్పారు. మనుషులకు సోకే రేబీస్‌లో నూటికి 99 పాళ్ళు కుక్కల ద్వారానే వస్తున్నందున, మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్చుకోవడం, నేర్పడం. తెలుగు వాడుకలో అది దండనగా స్థిరపడింది. కుక్కపిల్ల విషయంలో మొదటి అర్థమే చెల్లుతుంది. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆట ముగిసిన వెంటనే దానిని ఒకే చోటికి తీసుకుపోయి, అక్కడ మూత్రం పోయగానే మెచ్చుకొని చిన్న మాంసం ముక్క ఇస్తే, కొద్ది వారాల్లో అది ఆ చోటును వెతుక్కుంటుంది. కొరికేది చెప్పునైతే చెప్పు తీసి ముడివేసిన పాతగుడ్డ ఇవ్వాలి. పాలపళ్ళు రాలి కొత్తపళ్ళు వచ్చే ఆ నెలల్లో దానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. బహుమానంగా చాక్లెట్, కిస్‌మిస్ మాత్రం ఇవ్వరాదు. అవి కుక్కకు విషం. తెలుగు ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. కొడుకు 'సిట్' అంటాడు, నాయనమ్మ 'కూర్చోవే' అంటుంది, తండ్రి 'కూచో' అని గద్దిస్తాడు. కుక్కకు భాషాభిమానం లేదు, ఏ మాటైనా సరే. అందరూ ఒకే మాట పలకడమే ముఖ్యం.

వయసు విషయం పుస్తకాలన్నింటిలోనూ పెద్దది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో దీర్ఘకాలం పరిశోధించిన స్కాట్, ఫుల్లర్‌లు 1965లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, కుక్కపిల్ల మనుషులతో చెలిమి నేర్చేది సుమారు మూడో వారం నుండి పన్నెండో వారం వరకు. అక్కడే జరిగిన ఒక ప్రయోగంలో 14 వారాల దాకా మనిషి స్పర్శ ఎరుగని పిల్లలు అడవి జంతువుల వలె బెదిరిపోయాయి. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో వదలడం ప్రమాదం; గదిలో బంధించడమూ ప్రమాదమే. చేతుల్లో ఎత్తుకొని వసారాలో నిలబడి ఆటో చప్పుడు, పాలు పోసే మనిషి, బడిపిల్లల గుంపు, వంటింట్లో కుక్కర్ ఈల దానికి పరిచయం చేయవచ్చు.

ఇంత చేసినా ఒక దశలో పిల్ల మొండికేస్తుంది. ఇంగ్లండులోని పరిశోధకులు 2020లో ప్రకటించిన అధ్యయనంలో, అయిదో నెలలో 'కూర్చో' అంటే కూర్చున్న కుక్కలు ఎనిమిదో నెలలో సొంత మనుషుల మాటే పెడచెవిన పెట్టాయి. కొత్తవారి మాట మాత్రం విన్నాయి! ఇది కుక్కకు యౌవనారంభం. ఇంటివారితోనే పేచీ, బయటివారితో మర్యాద అన్న ఈ లక్షణం ఇంటర్మీడియట్ విద్యార్థులకు వింతగా తోచదు. చాలామంది యజమానులు విసిగి కుక్కను వదిలించుకొనేది, వీధిపాలు చేసేది సరిగ్గా ఈ నెలల్లోనే. అదే అధ్యయనంలో పన్నెండో నెల వచ్చేసరికి ఆ కుక్కలు మళ్ళీ మాట వినసాగాయి.