మీకు తెలుసా? డెఫ్లింపిక్స్‌లో కర్నూలు అమ్మాయి పతకం

ఆదోని పత్తి మార్కెట్‌కూ, ఎమ్మిగనూరు మగ్గాలకూ ఉన్నంత పేరు మా వైపు టెన్నిస్‌కు లేదు. అయినా కర్నూలు అమ్మాయి షేక్ జఫ్రీన్ 2017లో టర్కీలోని సామ్‌సన్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్ ‘డెఫ్లింపిక్స్’లో పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది.

బధిరుల పోటీల్లో వినికిడి యంత్రం పెట్టుకుని ఆడకూడదు. మామూలు క్రీడాకారులకు బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడే చాలా సంగతి చెప్పేస్తుంది: గట్టిగా కొట్టారా, కోసి వదిలారా అని. జఫ్రీన్ అదంతా ఎదుటివారి భుజం, మణికట్టు, రాకెట్ వాలు చూసే పసిగట్టాలి. డబుల్స్‌లో ‘నాది’ అని అరిచినా జోడీకి వినపడదు. బధిరుల టెన్నిస్‌ను ఒక మెట్టు కిందిదిగా చూడడం అన్యాయం.

తెలుగువాళ్లకు టెన్నిస్ అంటే హైదరాబాద్ సానియా మీర్జానే. ఆ పేరు పక్కన జఫ్రీన్ పేరూ గుర్తుంచుకోవాలి.

ఆదోని, ఎమ్మిగనూరు అమ్మానాన్నలూ, మీ ఇంట వినికిడి లేని ఆడపిల్ల ఉంటే ఇంట్లో కూర్చోబెట్టకండి. జఫ్రీన్ సంగతి చెప్పి మైదానానికి పంపండి.