కాళ్ల కింద గ్యాస్... చేతిలో పట్టా... మరి ఉద్యోగం?

సాయంత్రమైతే అమలాపురంలో హైదరాబాద్ బస్సుల సందడి మొదలవుతుంది. రైలు కూత ఇంకా వినపడని ఊరు కదా, కుర్రకారు ప్రయాణాలన్నీ బస్సులోనే. వీపున బ్యాగు, అమ్మ పెట్టిచ్చిన పూతరేకులు, ఫోన్‌లో రెజ్యూమె. బీటెక్ మెకానికల్ చదివిన అబ్బాయి, సివిల్ చదివిన అమ్మాయి, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన కుర్రాడు... చదివింది వేరు వేరైనా చాలామంది చేరేది ఒక్కచోటికే. అదే అమీర్‌పేట కోచింగ్ సెంటర్.

ఆ బస్సెక్కడం తప్పేం కాదండి. సాఫ్ట్‌వేర్ వేలాది గోదావరి కుటుంబాలను నిలబెట్టింది. కానీ ఎక్కేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. మూడేళ్లో నాలుగేళ్లో చదివిన చదువుకి మన ఊరి చుట్టుపక్కల పనే లేదా? లేక ఆ పనికి దారి ఎటో మనకెవరూ చెప్పలేదా?

ఓడలరేవులో ఇరుగుపొరుగు

అల్లవరం మండలం ఓడలరేవు వెళ్లి చూడండి. ఒకపక్క బీవీసీ ఇంజినీరింగ్ కాలేజీ. అదే ఊళ్లో సముద్రపు ఒడ్డున ఓఎన్‌జీసీ టెర్మినల్. సముద్రం అడుగు నుంచి వచ్చే గ్యాస్‌ను ఒడ్డున అందుకుని శుద్ధి చేసే చోటు అది. కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో ఉన్న కేజీ-98/2 బ్లాక్ నుంచి 2024 జనవరిలో తొలిసారి చమురు తీశారు. ఇటు రాజోలు వైపు తాటిపాకలో 2001 నుంచి ఒక చిన్న రిఫైనరీ నడుస్తోంది. దాని సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు.

అంటే ఇంజినీరింగ్ చదివే కాలేజీ, ఆ చదువుతో నడిచే పరిశ్రమ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. అయినా రచ్చబండ మీద, టీకొట్టు దగ్గర ఎప్పుడూ వినపడే మాట ఇదే: "గ్యాస్ మాది, ఉద్యోగాలు బయటోళ్లకా?"

ఆ బాధలో నిజముంది. భూమి ఇచ్చింది ఇక్కడివాళ్లు, ప్రమాదం భరించేదీ ఇక్కడివాళ్లే. కానీ ఈ ఆవేశంలో మనం పట్టించుకోని విషయం ఒకటుంది. ఇలాంటి సంస్థల్లో ఇంజినీరు పోస్టు దేశం మొత్తానికి కలిపి పెట్టే పోటీ. ఏళ్ల తరబడి గేట్ స్కోరే దానికి గుమ్మం, ఈమధ్య నేరుగా కంప్యూటర్ పరీక్ష కూడా పెడుతున్నారు. డిప్లొమా, ఐటీఐ స్థాయి పోస్టులకు, అప్రెంటిస్‌షిప్‌లకు నోటిఫికేషన్లు విడిగా వస్తాయి. మన ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో పని ఉన్నా, దానికి దరఖాస్తు మాత్రం ఫోన్‌లోనే చేయాలి. గడువు దాటితే ఆ ఏడాదికి అంతే సంగతులు.

పైపు నేర్పిన పాఠం

"కోర్ బ్రాంచిలకు కాలం చెల్లింది" అనేవాళ్లకి కోనసీమ రెండు తేదీలు గుర్తుచేస్తుంది.

మొదటిది 1995 జనవరి 8. పాశర్లపూడి దగ్గర బావి ఎగదన్ని మంటలు లేచాయి. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. విదేశాల నుంచి నిపుణుల్ని రప్పించాల్సి వచ్చింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లలో వెలుగే వెలుగు. ఆ రోజుల సంగతులు మీ నాన్ననో మేనమామనో అడగండి, ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు.

రెండోది 2014 జూన్ 27. నగరం గ్రామంలో తెల్లవారుజామున గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ లీకై పేలింది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. పైపు లోపల తుప్పు తినేయడం, గ్యాస్‌లో తేమ ఉండటం దర్యాప్తులో బయటపడ్డాయి.

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ గుర్తుచేసుకుందాం. సహజవాయువులో నీటి తడి, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. మనం తాగే సోడాలో ఉండేదీ అదే. అది ఉక్కు పైపుని లోపలి నుంచి నెమ్మదిగా కొరుకుతుంది. బయటికి ఏమీ కనపడదు. అందుకే గ్యాస్‌ని పైపులోకి పంపే ముందే తేమ తీసెయ్యాలి. పైపు లోపలికి 'పిగ్' అనే పరికరాన్ని పంపి శుభ్రం చేయాలి, గోడ ఎక్కడ పలచబడిందో కొలవాలి. మట్టిలో ఉన్న పైపు బయట తుప్పు పట్టకుండా కొద్దిపాటి విద్యుత్తుతో కాపాడాలి. దీన్ని కేథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. ప్రెషర్ పడిపోతే క్షణాల్లో కంట్రోల్ రూమ్‌కి తెలియాలి.

ఇప్పుడు లెక్కెయ్యండి. తేమ తీయడం కెమికల్ ఇంజినీరు పని. గోడ మందం, వెల్డింగ్ చూసేది మెకానికల్. కేథోడిక్ ప్రొటెక్షన్‌లో ఎలక్ట్రికల్, సెన్సర్ల దగ్గర ఇన్‌స్ట్రుమెంటేషన్, ఈసీఈ. ఆ డేటా చదివి ముందే హెచ్చరించే ప్రోగ్రామ్ రాసేది కంప్యూటర్ సైన్స్. ఒక్క పైపు చుట్టూ ఇన్ని కొలువులు! పైగా ఇది జీతం కోసం మాత్రమే చేసే పని కాదు. ఇది బాగా చేసినచోట ఊరు ప్రశాంతంగా నిద్రపోతుంది.

డిప్లొమా అంటే చిన్నచూపా?

"పాలిటెక్నిక్కా? ఇంటర్ సీటు రాలేదా?" పెళ్లిళ్లలో ఈ ప్రశ్న ఎదురుకాని డిప్లొమా కుర్రాడు ఉండడేమో!

ఈసారి ఎవరైనా అడిగితే ఒక్క పేరు చెప్పండి. వి. నారాయణన్. 2025 జనవరిలో ఇస్రో ఛైర్మన్ అయిన శాస్త్రవేత్త. తమిళనాడు కన్యాకుమారి జిల్లాలోని ఓ పల్లెటూరివాడు. ఆయన సాంకేతిక చదువు మొదలైంది మెకానికల్ డిప్లొమాతోనే. చిన్న ఉద్యోగాలు చేస్తూ ఏఎంఐఈ పూర్తిచేశారు. 1984లో ఇస్రోలో చేరారు. ఆ తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్‌లో క్రయోజెనిక్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేసి, 2001లో అక్కడే పీహెచ్‌డీ అందుకున్నారు. ఉద్యోగంలో ఉంటూనే ఒక్కో మెట్టూ ఎక్కారన్నమాట.

ఇప్పటి మన పిల్లలకి అంతకంటే సూటి దారి ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్, మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. వెంటనే ఉద్యోగం కావాలంటే రైల్వే జూనియర్ ఇంజినీరు, ఎస్ఎస్‌సీ జేఈ, ఫస్ట్ క్లాసుంటే ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్... వీటన్నిటికీ డిప్లొమానే అర్హత. బీటెక్ సీటు కోసం అప్పు చేసే ముందు ఇంట్లో ఈ దారి గురించీ ఓసారి మాట్లాడుకోవాలి.

పేరున్న కాలేజీ కాకపోతే?

"మాది చిన్న కాలేజీ అండి, మాకెవరిస్తారు?" అని ముందే చేతులెత్తేసేవాళ్లు చాలామంది. పెద్ద కంపెనీలు పెద్ద కాలేజీలకే క్యాంపస్‌కి వెళ్తాయన్నది నిజమే. కానీ గేట్ పేపర్ మీద మీ కాలేజీ పేరు ఉండదు కదా.

దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి 2018లో అధిపతి అయిన జి. సతీశ్ రెడ్డి నెల్లూరు జిల్లా పల్లె నుంచి వచ్చి, అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ చదివారు. మనకి మరీ దగ్గర్లో కాకినాడ ఉంది. 1946లో మొదలైన అక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివిన బీవీఆర్ మోహన్ రెడ్డి వెంటనే కంపెనీ పెట్టలేదు. పైచదువులు చదివి, ఏళ్ల పాటు ఉద్యోగాలు చేసి, పని లోతు తెలిశాకే 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలుపెట్టారు. ఇప్పుడది సైయెంట్. ఆ కంపెనీ వ్యాపారం గమనించండి: ఇతర సంస్థల కోసం ఇంజినీరింగ్ డిజైన్ చేసిపెట్టడం. మెకానికల్‌నీ సాఫ్ట్‌వేర్‌నీ విడదీయకుండా కలిపారు. అదే ఆయన బలం.

వీళ్లందరిలో కనిపించే ఉమ్మడి విషయం ఒక్కటే. పట్టా రాగానే చదువు ఆపలేదు. ఒక పనిని పట్టుకుని లోతుకి దిగారు.

ఇవాళే మొదలుపెట్టాల్సినవి

థర్డ్ ఇయర్‌లోనే గేట్: చివరి ఏడాది వరకు ఆగక్కర్లేదు, మూడో ఏడాదిలోనే రాయొచ్చు. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అంటే తొలి ప్రయత్నం పోయినా చేతిలో టైమ్ ఉంటుంది.

అప్రెంటిస్‌షిప్: 1961 నాటి చట్టం ఇచ్చిన అవకాశం ఇది. డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఓఎన్‌జీసీ ఇచ్చే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో రాజమండ్రి, కాకినాడ కేంద్రాలూ ఉంటాయి. స్టైపెండ్ తక్కువే, ఉద్యోగం గ్యారంటీ కూడా లేదు. కానీ ఏడాది పాటు అసలు ప్లాంటులో నిలబడ్డ అనుభవం ఏ కోచింగ్ సెంటరూ అమ్మలేదు.

పెట్రోలియం మీద మక్కువుంటే: విశాఖలో 2016లో మొదలైన ఐఐపీఈ ఉంది. పెట్రోలియం ఇంజినీరింగ్‌కి గేట్‌లో విడిగా పేపర్ కూడా ఉంది.

ప్రాజెక్టు కొనొద్దు: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుని రెడీమేడ్‌గా కొని తెస్తే ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే దొరికిపోతాం. మన చుట్టూ సమస్యలకి కొదవా? రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే సెన్సర్ చేయండి. ఏరియేటర్ కరెంటు బిల్లు తగ్గించే మార్గం వెతకండి. కొబ్బరి పీచు తీసే యంత్రంలో చెయ్యి పడకుండా గార్డ్ డిజైన్ చేయండి. ఇవి చేసినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి తన సొంత కథ ఉంటుంది.

సాఫ్ట్‌వేరే ఇష్టమైతే: నిరభ్యంతరంగా వెళ్లండి. కానీ బ్రాంచిని బస్టాండులో వదిలేసి వెళ్లొద్దు. కోడింగ్ వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కోడింగ్‌తో పాటు పంపు ఎలా పనిచేస్తుందో, పైపు ఎందుకు పగులుతుందో తెలిసినవాళ్లు తక్కువ. తక్కువ ఉన్నచోటే విలువ.

అప్పట్లో పాశర్లపూడి మంట ఆర్పడానికి బయటి దేశం వైపు చూశాం. ఇకపై అలాంటి అవసరం పడితే, "మా రాజోలు కుర్రాడున్నాడు, మా కొత్తపేట అమ్మాయుంది, పిలవండి" అనే రోజు రావాలి. గేట్, ఈసెట్, అప్రెంటిస్... మీ దారి ఏదైనా, ఇవాళ రాత్రి రీల్స్ చూసే టైమ్‌లో ఒక్క పది నిమిషాలు ఆ వెబ్‌సైట్ తెరిచి చివరి తేదీ చూసుకోండి. ఆయ్, అంతే!