డమ్‌డమ్ తూటా

హాలో పాయింట్ తూటాకు ముక్కు దగ్గర గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే అది విచ్చుకుని పుట్టగొడుగులా వెడల్పవుతుంది. గాయం పెద్దదవుతుంది, కానీ తూటా దూసుకుపోయి వెనకున్నవారికి తగిలే ముప్పు తగ్గుతుంది. అమెరికాలో పోలీసులు, ఆత్మరక్షణకు రివాల్వర్ ఉంచుకునేవారు దీన్ని ఎంచుకోవడానికి చెప్పే కారణం ఇదే. అయితే పొట్టి గొట్టం రివాల్వర్‌లో వేగం చాలక కొన్ని విచ్చుకోవు. బట్టల పోగులు గుంటలో ఇరుక్కున్నా అంతే.

విచ్చుకునే తూటాలకు పాత పేరు డమ్‌డమ్. 1890లలో కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్‌వాళ్లు వీటిని చేయించారు. ఆ ఊరి పేరే అంటుకుంది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో ఇలాంటి తూటాలను నిషేధించింది. శత్రు సైనికుడి మీద పేల్చకూడని తూటాను సొంత పౌరుడి మీద పేల్చవచ్చా అన్నది నన్ను కలవరపెట్టే ప్రశ్న. ఎందుకంటే ఆ ప్రకటన పోలీసులకు వర్తించదు.