పట్టుపురుగుల గదికి తెలివిగల కూలరు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పట్టుపురుగులకు వేసవియే గండము. చాకీ పురుగులకు 27 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియు, నూటికి 85 పాళ్ల తేమయు వలయును. ఐదవ దశలో 24 డిగ్రీలును, 70 పాళ్లును మేలు. కూలరు చల్లదనముతోబాటు తేమను గూడ హెచ్చించును.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డ్వినో పలక యిందుకు తోడ్పడును. దాని నమూనా బహిరంగము, ఎవరైనను మార్చుకొనవచ్చును. సెన్సారు కొలతనుబట్టి అది రెండు రిలేలను నడపును: తేమ మీరినచో కూలరు నీటిపంపును ఆపి, ఫ్యానును మాత్రము త్రిప్పును. దశ మారినపుడు అంకెలు మార్చిన చాలును.

సోదరులకు మేము మనవి చేయునది: పలక 5 వోల్టులది, కూలరు 230 వోల్టులది. ఆ కలుపు పనిని ఎలక్ట్రీషియను చేతనే చేయింపుడు. కరెంటు పోయిన యంత్రమును నిద్రించును గాన, గోడనున్న థర్మామీటరును చూచుట మానకుడు.